కత్తెర వేసిన గొర్రెకు ఆ మాట పనికిరాదు

మా సారు పోయిండు. బేస్తవారం పగటీలి నల్లగొండ దవాఖానల పానం ఇడిసిండని శుక్రవారం పొద్దుగాల బస్సు కండక్టరు చెప్పిండు. నేనప్పుడు రామన్నపేట తొవ్వ మీద మందను అవతలికి దాటిస్తున్న. కండక్టరు బస్సు ఆపిచ్చి, కిటికీలకెల్లి తల బయటపెట్టి, "తాతా, మీ సారు లేడంట" అని చెప్పి పోయిండు. బస్సు లేపిన దుమ్ము అణిగేదాక నేను గొర్లను దాటిచ్చుడు మర్సిన. సగం మంద తొవ్వకు ఇటు, సగం మంద అటు నిలవడ్డది.

పోయినోళ్ల గురించి మంచే చెప్పాలంటరు. మంచే చెప్త. కానీ ముందుగాల నా కడుపుల ఉన్నది బయటవడితే గాని మంచి బయటికి రాదు. ఆ మనిషి పదేండ్ల కింద నన్ను ఒక పెద్ద ఆఫీసరు ముంగట నిలవెట్టి, నా గురించి ఇంగ్లీషుల ఒక మాట చెప్పిండు. ఆఫీసరు దాన్ని బడి పుస్తకంల రాసిండు. ఏం చెప్పిండో నాకు చెప్పలేదు. పదేండ్లు అడిగిన. నవ్విండు, ముచ్చట పక్కకు తిప్పిండు, ఇప్పుడు చెప్పకుండనే పోయిండు. ఒక మనిషి గురించి అతని ముంగట, అతనికి తెల్వని మాటల చెప్పి, అర్థం దాసిపెట్టుకొని పోవుడు మర్యాదనా? చదివేటోళ్లే చెప్పాలె.

నేను గొల్లోన్ని. గొర్లే నా బతుకు. అక్షరాలు వచ్చేసరికి నాకు యాభై దగ్గరవడ్డయి. ఈ కాయితం నేనే రాస్తున్న. రాసెతందుకు నాలుగు రోజులు పట్టింది. తప్పులుంటె అవి నావి, సారువి కావు.

సారు మా ఊరోడే. నాకంటె పదిహేను పద్దెనిమిదేండ్లు చిన్నోడు. ఊరి బయటి వాడల పుట్టిండు. వాళ్ల నాయిన పటేలు ఇంట్ల జీతం ఉండేటోడు. వాళ్లు యేసును నమ్ముకున్న కుటుంబం. పిలగాన్ని చిన్నప్పుడే మిషనోళ్లు నల్లగొండ తీసుకపోయి చదివిచ్చిన్రు. రజాకార్ల గడబిడ అంత అయిపోయి, నిజాం రాజ్యం పోయినంక నాలుగైదేండ్లకు మా ఊళ్లె బడి పెట్టిన్రు. ఆ బడికి సారు ఎవరంటె ఈ పిలగాడే. చిన్నప్పుడు నేను "అరేయ్, ఆ గొర్రెను ఇటు మలుపు" అంటె ఉరికినోడు, తెల్ల అంగి వేసుకొని చావడి అరుగు మీద నల్లబల్ల పెట్టిండు.

మొదటి ఏడు అతను మా గల్లీల నడిచేటప్పుడు చెప్పులు చేతుల పట్టుకునేటోడు. చావడి మెట్టుకాడికి పోయినంక తొడుక్కునేటోడు. అదే రివాజు. వాళ్ల నాయిన గూడ అట్లనే నడిచిండు. నాకేమీ అనిపియ్యలే. రెండో ఏడు వానలు వడ్డంక ఒక పొద్దు చెప్పులు కాళ్లకే ఉన్నయి. ఎవరూ ఏమనలే. అందరూ చూసిన్రు. నేను గూడ చూసిన.

నేను బడికి పోవుటానికి ఒక కారణమున్నది. అడవిల గొర్లను మేపుకునేటందుకు అడవి ఆఫీసోళ్లు చిట్టీ ఇచ్చేటోళ్లు. దాని మీద ఏ నెల దాక మేపుకోవచ్చో రాసి ఉంటది. నాకు చదువ రాదు. ఇచ్చినోడు నోటితోని ఒకటి చెప్పిండు, చిట్టీల ఇంకొకటి రాసిండు. చిట్టీ గడువు అయిపోయిందని నా మందను మొత్తం బందెలదొడ్ల పెట్టిన్రు. పిల్లగొర్లు దొడ్డి బయట, తల్లులు లోపట. రెండు పొద్దులు అవి అరిచిన అరుపు నా చెవులల్ల ఇంక ఉన్నది. ఇడిపిచ్చుకొని వచ్చిన తెల్లారి చావడి కాడికి పోయిన.

"ఏం పెద్దయ్యా, ఇట్లొచ్చినవు?" అన్నడు.

"ఈ కాయితం మీద ఏమున్నదో నాకు నేను చదువుకోవాలె. ఎన్ని రోజులైతది?"

"నువ్వు ఎంతసేపు కూసుంటవో దాన్నిబట్టి ఉంటది."

గొర్లను చలికాలం పొద్దు పొద్దున్నే మేతకు తోలరు. మంచు పట్టిన గడ్డి తింటె వాటికి రోగమొస్తది. మంచు ఆరేదాక మంద దొడ్లనే ఉండాలె. ఆ సందు నాది. రోజూ పొద్దుగాల మంచు ఆరేదాక చావడిల పిలగాండ్ల నడుమ కూసుంటి. పలక నేనే కొనుక్కున్న. పిలగాండ్లు నవ్విన్రు. సారు వాళ్లను కోప్పడలే. "నవ్వుండ్రి. ఆయన మీకంటె ముందు పుస్తకం చదివితె అప్పుడు ఆయన నవ్వుతడు" అన్నడు. నా మనుమని ఈడు పిలగాడు ఒకడు నాకు 'అ' దిద్దిచ్చిండు. వాడు ఇప్పుడు భువనగిరిల పోస్టుమ్యాను.

సారు తీరు చెప్త. బలపం ముక్క చిన్నదైతె పారెయ్యడు. పాత పొగాకు డబ్బాల వేసి పెడతడు. బలపం లేని పిలగాడు వస్తె డబ్బా మూత తీసి ముంగట పెడతడు, చేతికియ్యడు. "ఏరుకో" అంటడు. చేతికిస్తె కొందరు పిలగాండ్ల ఇండ్లల్ల మాట వస్తదని అట్ల చేస్తుండెనని నాకు ఎన్నో రోజులకు తెలిసింది. తప్పు రాస్తె కొట్టడు. "తుడువు" అంటడు. అంతే. రెండోసారి తప్పితె గూడ "తుడువు" అనే అంటడు. "పలక ఉన్నదే తుడుచుటానికి" అనేటోడు. నేను 'ఋ' రాయలేక పలక నేలకు కొట్టిన రోజు గూడ అదే మాట అన్నడు. పలక చెక్క ఒక మూలకు పగిలింది. తీగె చుట్టి ఇచ్చిండు. ఆ పలక ఇంక నాకాడ ఉన్నది.

రెండో చలికాలం జీపు మీద ఇన్‌స్పెక్టరు వచ్చిండు. పొడుగు మనిషి, కోటు వేసుకున్నడు. చావడిల పిలగాండ్ల నడుమ గొంగడి కప్పుకొని కూసున్న నన్ను చూసిండు.

"ఈ బుడ్డా ఎవరు? ఇక్కడ ఎందుకు కూసున్నడు?"

"నా విద్యార్థి సార్" అన్నడు మా సారు.

ఇన్‌స్పెక్టరు నమ్మలే. పుస్తకం నా చేతుల పెట్టి చదువుమన్నడు. నేను నిలవడ్డ. 'వాన కురిసింది. చెరువు నిండింది. కప్పలు అరిచినవి.' గీ మూడు ముక్కలు చదివెతందుకు ఎంతసేపు పట్టిందంటె, నడుమ ఒక పిలగాడు బయటికి పోయి వచ్చి కూసున్నడు. కానీ చదివిన. తప్పు పోలేదు. సారు నా వెనుక నిలవడి ఎన్ను మీద చెయ్యి పెట్టిండు. నా ఎన్ను మీద అంతకుముందు ఆ వాడ మనిషి చెయ్యి పడ్డది లేదు. పిలగాండ్ల ముంగట, ఆఫీసరు ముంగట నేను ఏమనలే.

అప్పుడు ఆఫీసరు ఇంగ్లీషుల ఏదో అడిగిండు. సారు ఇంగ్లీషులనే చెప్పిండు. వాళ్ల నడుమ ఒక మాట మూడుసార్లు తిరిగింది. ట్రాన్స్‌ఫార్మ్. ఆఫీసరు నన్ను కాళ్లకెల్లి తలదాక చూసి నవ్విండు. ఎర్రగుడ్డ అట్ట ఉన్న పుస్తకం తెప్పిచ్చుకొని ఒక పేజీ నిండ రాసిండు. జీపెక్కి పోయిండు.

తెల్లారి అడిగిన. "సారూ, నిన్న ఆ దొరతోని ట్రాన్స్‌ఫార్మ్, ట్రాన్స్‌ఫార్మ్ అన్నవు. అంటె ఏంది?"

"నీ చెవులు బాగనే పనిచేస్తున్నయి పెద్దయ్యా."

"గొర్లకాడ ఉండెటోని చెవులు. ముచ్చట చెప్పు."

"అంటె మార్చుడు. ఒకదాన్ని పూరాగ మార్చుడు."

"మార్చుడుకు అంత నోరు తిరగని మాట ఎందుకు?"

"మనం అన్నిటికీ మార్చుడనే అంటం. అంగి మార్చిన అంటం, బస్సు మారిన అంటం. వాటికి దేనికీ ఈ మాట పనికిరాదు. ఒక వస్తువు ఉన్నది. దాని మీద పని జరిగింది. జరిగినంక దాని తీరు మారింది, దాని పని మారింది, మునుపటి లెక్కన అది ఇంక ఉండలేదు. అప్పుడే ఈ మాట వాడాలె."

ఆ మాట నాకు పట్టుకున్నది. గొర్ల ఎనుక తిరిగేటోనికి తలకాయకు పని ఉండది. పొద్దంత అడవిల ఒక్కో వస్తువును చూసి, దీనికి ఆ మాట పనికొస్తదా రాదా అని సోంచాయించుడు, పొద్దుగాల పోయి సారును అడుగుడు. పిలగాండ్లు లెక్కలు చేసుకుంటుంటె మా ఇద్దరి పంచాయితీ ఇదే.

"గోడకు సున్నం వేస్తె?"

"గోడ గోడే."

"పాలు పెరుగైతె?"

"జర దగ్గరికొచ్చినవు. పెరుగు మళ్ల పాలు గాదు. కానీ ఇంత పెద్ద మాట ఒక ముంతెడు పెరుగుకు ఎందుకు? పెరుగు తోడుకున్నది అంటె సరిపాయె."

"ఉన్ని గొంగడైతె?"

సారు నా గొంగడి దిక్కు చూసిండు. "ఇది బాగున్నది. ఎవరు మార్చిన్రు, దేన్ని మార్చిన్రు, దేనిగ మార్చిన్రు, మూడూ చెప్పొచ్చు. వడికినోళ్లున్నరు, నేసినోళ్లున్నరు. గొర్రె మీద ఉన్నప్పుడు గొర్రెకు పనికొచ్చింది, ఇప్పుడు నీకు పనికొస్తుంది. పెట్టొచ్చు."

నాకు ఉషారొచ్చింది. తెల్లారి ఇంకొకటి తీసుకపోయిన. "కత్తెర వేసిన గొర్రె. కత్తెర వేసిన నాడు దాన్ని దాని పిల్లనే పోల్చదు సారూ. వాసన చూసి చూసి గాని పొదుగు కాడికి రాదు. ఇంతకంటె మార్పు ఉన్నదా?"

సారు నవ్విండు. ఆయన నవ్వితె ముందు పండ్ల సందు కనవడేది. "పనికిరాదు పెద్దయ్యా."

"ఎందుకు రాదు? తల్లిని పిల్ల పోల్చకపోతె ఇంకేం కావాలె?"

"ఆరు నెలలకు బొచ్చు మళ్ల మొలుస్తది. మళ్ల మొలిచేదానికి ఈ మాట పనికిరాదు."

ఇంకొక మాట గూడ చెప్పిండు. ఊళ్లెకు వచ్చే ఆఫీసర్లు ఒక బోరింగు వేసి ఊరునే పూరాగ మార్చినమని ఉపన్యాసం చెప్తరు. "నీళ్లొచ్చినయి. మంచిదే. నీళ్లొచ్చినయని చెప్తె అయిపాయె. పెద్ద మాటను చిన్న పనికి వాడుకుంట పోతె, పెద్ద పని అయిన నాడు చెప్పెతందుకు మాట ఉండది" అన్నడు. ఇన్నేండ్లల్ల అతని నోటెంబడి ఆ మాట ఆ ఆఫీసరు ముంగట తప్ప ఇంకెక్కడ వినలే. అదే నా బాధ. అంత పొదుపుగ వాడే మనిషి ఆ పొద్దు నా మీద వాడిండు.

ఒక పొద్దు నేను చేను ముచ్చట తీసుకపోయిన. "మంద పెట్టిన చేను సంగతేంది?" అన్న. మా దిక్కు కోతలైనంక రైతులు మా మందను చేన్ల పెట్టిచ్చుకుంటరు. మూడు నాలుగు రాత్రులు గొర్లు ఆడ పండుకుంటె, ఆ పెంటకు ఆ ఉచ్చకు చేను బలిసిపోతది. గరుసు నేల గూడ ఆముదం పూసినట్టు అయితది. ఈ పనిల మా ఇంటికి పేరున్నది. నా మంద పెట్టిన చేను మూడు పంటలదాక చెప్తది.

సారు బలపం డబ్బా మూత పెట్టిండు. "ఆ ముచ్చట నువ్వే తెచ్చినవు గనుక అడుగుత. భూదానంల మా అమ్మ పేరు మీద రెండెకరాలు వచ్చింది, గుట్టకింద. అంత గరుసు. మూడు రాత్రులు మంద పెడతవా?"

ఇక్కడ చదివేటోళ్లకు ఒక రివాజు చెప్పాలె. మంద ఎవరి చేన్ల పెడితె ఆ ఇంటి బువ్వ ఆ మాపటికి కాపరికి రావాలె. అది కూలి గాదు, మర్యాద. బువ్వ తినకపోతె మంద పెట్టినట్టు గాదు. అందుకని ఊరి బయటి వాడోళ్ల చేన్లల్ల మావోళ్లు ఎవరూ మంద పెట్టింది లేదు. వాళ్ల ఇంటి బువ్వ తిన్నది లేదు.

"చూద్దాం" అన్న.

ఆ ఏడు గొర్లకు గాలికుంటు రోగం వచ్చిందని చెప్పిన. రాలేదు. మరుసటి ఏడు పటేలు ముందుగాల అడిగిండని చెప్పిన. అడగలేదు. సారు రెండుసార్లూ "సరే పెద్దయ్యా" అన్నడు. నేను రోజూ పోయి పలక ముంగట పెట్టుకొని కూసుంటనే ఉన్న. మూడో ఏడు మళ్ల అడిగిండు. అప్పుడు నాకు కోపమొచ్చింది. తప్పు నాదైనప్పుడు నాకు కోపం ఎక్కువొస్తది, మా ఇంటామె గూడ అదే అంటది.

"నన్ను పూరాగ మార్చిన అని ఆఫీసరు ముంగట చెప్పుకున్నవు గద" అన్న. "నేను అంతకుముందు గొర్రెనా? రెండు నూర్ల జీవాలను మొకం చూసి పోలుస్త. ఈ ఊరి సగం చేన్లు నా మంద మీద పండినయి. అక్షరాలు నేర్పినవు, మంచిదే. మార్చిన అంటవేంది?"

"నేను ఏమన్ననో నీకు తెల్వదు."

"మరి చెప్పు."

"పుస్తకంల ఉన్నది. చదువుకో."

"ఇంగ్లీషుల ఉన్నది."

సారు చేతుల బలపం కింద పెట్టిండు. "మంద ఎందుకు పెడతలేవో నువ్వు నీ నోటితోని చెప్పు. నేను ఏమన్ననో అప్పుడు చెప్త."

నా నోరు రాలే. పిలగాండ్లు లెక్కలు ఆపి చూస్తున్నరు. సారు గొంతు తగ్గిచ్చి, "కత్తెర వేసిన గొర్రె, పెద్దయ్యా" అన్నడు.

పలక చంకల పెట్టుకొని లేచి వచ్చిన. ఒక ఏడు ఆ చావడి దిక్కు చూడలే. తొవ్వల ఎదురైతె సారు "బాగున్నవా పెద్దయ్యా" అనేటోడు. నేను గొర్లను అదిలిచ్చుకుంట పోతుంటి.

ఆ ఏడు అడవికి కావలుండే జవాను ఒకడు నన్ను ఆపిండు. చిట్టీ చూపిచ్చిన. గడువు అయిపోయింది, మందను తోలు అన్నడు. నేను చిట్టీ గుంజుకొని, ఏలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని గట్టిగ చదివిన. ఇంక నెల రోజులున్నది. జవాను మొకం సల్లవడ్డది. "ఎవడు నేర్పిండు నీకు?" అన్నడు. "మా ఊరి సారు" అన్న. "ఏ సారు? ఆ వాడ పోరడా?" అని కులం పేరు పెట్టి ఒక మాటన్నడు, నవ్విండు. నేను గూడ నవ్వుతనని చూసిండు. నవ్వలే. అంతకుముందైతె నవ్వేటోన్నే, అబద్ధం ఎందుకు.

మంద ఎనుక నడుచుకుంట వచ్చిన. అతను నేర్పిన అక్షరం నా నోట్లె ఉన్నది. అతని ఇంటి రొట్టెకు ఆ నోట్లె జాగా లేదు. ఇంకేం ఆలోచన చెయ్యలే. పొద్దు గూకే యాల్లకు మందను గుట్టకింద గరుసు చేన్లకు తోలిన.

జరసేపటికి సారు తల్లి వచ్చింది. చేతుల గంప ఉన్నది. దూరంగ నిలవడి, గంప ఒక బండ మీద పెట్టి ఎనుకకు జరిగింది.

"అయ్యా, జొన్నపిండి తెచ్చిన. పప్పు, ఉప్పు, చింతపండు ఏరేరుగ కట్టిన. కుండ గూడ కొత్తదే. నీళ్లు మీ బాయి నుంచే తెచ్చుకో. మేం ఏదీ వండలే."

ఆమె ముసల్ది. ఆ గంప మోసుకొని గుట్టకిందిదాక వచ్చింది, నేను వండుకుంటనని. నా మందను తన చేన్ల చూసి గూడ, నేను తన రొట్టె తింటనని ఆమెకు అనిపియ్యలే. అనిపియ్యనిచ్చేటట్టు మేం ఎన్నడు బతికినం?

"నాకు వండుకోరాదు" అన్న. "రొట్టె చేసుకరా."

ఆమె కదలలే.

"పిండి బుక్కమంటవా అమ్మా? ఆకలైతుంది. జల్ది చేసుకరా."

అమ్మా అన్న. నోటెంబడి అట్లనే వచ్చింది. ఆమె గంప ఎత్తుకొని పోయింది. మళ్ల వచ్చినప్పుడు ఎంబడి సారు గూడ ఉన్నడు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఎర్రకారం. సారు నా పక్కన బండ మీద కూసున్నడు. ఇద్దరం తిన్నం.

"ఉప్పు తక్కువైందా పెద్దయ్యా?"

"ఎక్కువైంది."

సారు తల్లి నవ్వింది. అంతే. ఆ పొద్దు ఇంకేం ముచ్చట జరగలే.

మా కులపోళ్లు ఒక చలికాలం నాతోని పొత్తు బంద్ పెట్టిన్రు. పెండ్లికి పిలవలే. వానకాలం రాంగనే చిట్టీలు చదివిచ్చుకునేటందుకు ఒక్కొక్కడే వచ్చిండు. చదివిన. ఎవన్నీ ఏమనలే. అది నా గొప్ప గాదు, సారు తీరు చూసి నేర్చిన. డబ్బా మూత తీసి ముంగట పెట్టుడే.

మూడు రాత్రులు మంద పెట్టినంక సారును అడిగిన. "ఇప్పుడు చెప్పు, ఆ పుస్తకంల ఏమున్నది?"

"మంద ఎందుకు పెట్టలేదో చెప్తె చెప్త అన్న. మంద పెడితె అనలే" అన్నడు. ముందు పండ్ల సందు కనవడ్డది.

ఆ తర్వాత సారును కోస్గి దిక్కు బదిలీ చేసిన్రు. ఎండకాలం సెలవులకు వచ్చేటోడు. వచ్చిన ప్రతిసారి మా దొడ్డికాడికి వచ్చి, గొర్రెపిల్లలను చేతుల పట్టుకొని చూసి, "ఏం పెద్దయ్యా, చెప్తవా?" అనేటోడు. "నువ్వే ముందు చెప్పు" అంటుంటి. అది మా ఇద్దరికి రాం రాం లెక్కన అయింది. పోయిన ఏడు వచ్చినప్పుడు మనిషి సగమైండు, దగ్గు. అప్పుడు గూడ అడిగిండు. నేను అప్పుడు గూడ అదే జవాబు చెప్పిన. చెప్పకుంటె బాగుండు.

ఇంకొకరితోని చదివిచ్చుకోవచ్చు గద అంటరు మీరు. ఎవన్నో పట్టుకొని చదివిచ్చుకునుడు నాకు నచ్చలే. చెప్పినోడు చెప్పాలె. ఇప్పుడు చెప్పినోడు లేడు.

వచ్చే ఆదివారం మా సారు ఇంటికాడ ఆదరణ కూడిక పెట్టిన్రు. పాటలు పాడతరు, పాస్టరు గారు మాట్లాడతరు. సారు తల్లి నన్ను గూడ నాలుగు ముక్కలు చెప్పుమన్నది. ఊళ్లె అతనికాడ చదువుకున్నోళ్లల్ల పెద్దోన్ని నేనే. అక్కడ నేను ఏం చెప్పాలె? ఆ పొద్దు సారు నన్ను మార్చిన అని ఆఫీసరుతోని చెప్పి ఉంటె, అది అబద్ధం. అప్పటికి నేను మారలే. అతని చెయ్యి ఎన్ను మీద పడితె ముడుచుకున్నోన్ని. జీవితంల అబద్ధమాడనోడు నాకోసం ఒక్కటి ఆడిండని చెప్త. లేదు, ఈ మనిషికి అక్షరాలు వచ్చినయి గాని ఇంక మారలేదు, ఆ మాట ఇతనికి ఇప్పుడే వాడొద్దు అని చెప్పి ఉంటె, నిజం చెప్పిండని చెప్త. రెండిట్ల ఏదైనా నేను ఓర్సుకుంట. తెల్వకుండ నిలవడి మాట్లాడుడు మాత్రం నాతోని కాదు.

ఎర్రట్ట పుస్తకం మా ఊరి బడిల ఇనుప పెట్టెల ఉన్నది. ఇప్పుడున్న పెద్దసారును ఈ వారంల మూడుసార్లు అడిగిన. "రేపు చూద్దాం తాతా", "తాళం దొరుకుతలేదు తాతా", "పాత పుస్తకాలు నీకెందుకు తాతా". పెద్దసారూ, ఈ కాయితం నీ చేతికొస్తది. నువ్వు గూడ చదువుకో.

మా సారు పెట్టిన షరతు ఒకటుండె. దాన్ని ఇక్కడ తీరుస్తున్న. మూడేండ్లు నీ చేన్ల మంద ఎందుకు పెట్టలేదంటె సారూ, రోగం రాలే, పటేలు అడగలే. మీరు వాడోళ్లని, మీ అమ్మ చేతి రొట్టె ముట్టుకునుడు నాకు నామోషి అనిపిచ్చింది. అందుకే పెట్టలే. నా నోటితోని చెప్పుమన్నవు, నోరు రాలే. నువ్వు నేర్పిన చేత్తోని రాసిన. ఇప్పుడు నీ మాట రావాలె.

పెద్దసారూ, శనివారం మాపటిదాక నీకు టైమున్నది. తాళం దొరక్కపోతె పగులగొట్టు, కొత్తది నేను కొనిస్త. ఆదివారం పొద్దుగాల కూడికకు ముందు నాకు ఆ మాట కావాలె. నా కోసం యాడనో దేవులాడుడు అవసరం లేదు. గుట్టకింద సారు చేన్ల మంద పెట్టిన. సారు తల్లి పొద్దుగాల రొట్టె పట్టుకొని వస్తది. ఈ నడుమ ఆమెకు కండ్లు సరిగ కనవడుతలేవు, గొర్ల నడుమలకెల్లి ఒక్కొక్క అడుగు వేసుకుంట వచ్చి ఉప్పు సరిపోయిందా అని అడుగుతది. మంచు ఆరేదాక నేను ఆ బండ మీదనే కూసుంట. ఒక మూల తీగె చుట్టిన పలక నా ఒళ్లె ఉంటది. ఆ ఇంగ్లీషు ముక్కను తెలుగు చేసి, దాని మీద పెద్ద అక్షరాలల్ల రాసియ్యి. చదువుడు నేను చదువుకుంట.